ఇదా-అదా గారి గిటార్ తీగలు

ఆ కళ్లద్దాల షాపాయనకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ రెండు వస్తువులు కనబడినా "ఇదా? అదా?" అని అడక్కుండా ఉండలేడు. పగలంతా షాపులో జనం కళ్లకు ఓ అద్దం తీసి ఇంకో అద్దం పెట్టి అదే అడుగుతాడు, దానికి డబ్బులిస్తారు. ఇంటికొచ్చి గిటార్ తీగల మీద అడుగుతాడు, దానికి వీధి వీధంతా తలుపులేసుకుంటుంది. అందరూ ఆయన్ని 'ఇదా-అదా గారు' అనే పిలుస్తారు.

ఇంట్లో రెండు గిటార్లు, అచ్చం కవలలు. తేడా అల్లా తీగల్లోనే. చేతి చెమటకు తుప్పు పట్టకుండా ఇప్పుడు తీగలకు పూత పూసి అమ్ముతున్నారు కదా. పల్చటి పూత, మందం పూత, రెండూ కాని పూత, అన్నీ కొనుక్కొచ్చి, దీనికొకటి దానికొకటి బిగించి, తెర వెనక కూర్చుని మీటుతాడు. పోనీ పాటేమైనా వాయిస్తాడా అంటే, పాపం, రాదు.

"పాట మొదలెడితే తీగ సంగతి మర్చిపోతామే," అంటాడు భార్యతో.

ఓసారి వంటింట్లో పైపు పగిలితే ప్లంబరు పరుగెత్తుకొచ్చాడు.

"ఒక్క నిమిషం ఇది విను. ఇదా? అదా?"

"సార్, నీళ్లు హాల్లోకొచ్చేస్తున్నాయి!"

"వస్తే రానీవయ్యా. మొదటిది కాస్త మబ్బు పట్టినట్టు లేదూ?"

"మబ్బే సార్! ఉరుములు కూడా ఉన్నాయి! నన్నొదిలెయ్యండి!"

ఆ 'ఉరుములు' అన్న మాటకు ఆయన వారం రోజులు పొంగిపోయాడు. ప్లంబరు మాత్రం మళ్లీ ఫోనెత్తితే ఒట్టు.

భార్య బట్టలు కుడుతుంది. ముందు గదిలో ఆమె మిషనుకు ఒక మూల, గిటార్లకు మూడు మూలలు. ఈమధ్య స్కూలు యూనిఫారాల ఆర్డరొకటి వచ్చిపడింది, గుడ్డ పరుద్దామంటే జానెడు జాగా లేదు.

"ఈ ఆదివారంతో తేలిపోవాలి. ఒక గిటారు బయటికి పోవాలి, లేదా నేను పోతాను," అందామె.

"ఇదా, అదా అన్నమాట!" అని మురిసిపోయాడు మహానుభావుడు.

తీర్పు చెప్పేది ఆమె తండ్రి. పక్క వీధిలో ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు రికార్డింగ్ స్టూడియోలో తీగ కాస్త వదులైతే చాలు, పాట ఆపించేసిన మనిషి. ఉద్యోగం అయిపోయాక గోడకేసి చూస్తూ కూర్చుండిపోయాడు. పిలిస్తే పలకడు, పలికితే విసుగు. పెద్దతనం తెచ్చిన పొగరనుకుంది కూతురు. అల్లుడి తీగల పిచ్చి మొదలయ్యాక మాత్రం ప్రతి ఆదివారం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, పెద్ద కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటున్నాడు.

మామా అల్లుళ్ల తిక్క ఒక్క దెబ్బకు కుదర్చాలని ఆమె ఓ ఎత్తు వేసింది. శనివారం మొగుడు షాపుకెళ్లగానే గిటార్లు బాగుచేసే అతన్ని పిలిపించి, రెండింటికీ ఒకే రకం తీగలు వేయించింది.

ఆదివారం వచ్చింది. అల్లుడు మొదటిది మీటాడు, రెండోది మీటాడు. మీటిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తెర పక్కనుంచి తల బయటపెట్టి భార్యను చూశాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తోంది, పాపం, అమాయకురాలు.

"ఇదా మావయ్యగారూ? అదా?" అని గొంతు చించుకుని అడిగాడు.

"ఇంకా అడగాలా! మొదటిది గలగలమంటోంది. రెండోదానికి దుప్పటి కప్పారు. పూత మందం!"

దొరికాడు! ఆమె నోరు తెరిచింది.

"దుప్పటి! ఎంత బాగా పట్టారండీ! నాకీ మాట తట్టి చావలేదు," అన్నాడు అల్లుడు.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. వంటింట్లో చెంచా పడితే అది ఏ చెంచానో హాల్లోంచి చెప్పే తన మొగుడికి ఇది తెలియలేదా? అయినా అంతలా గొంతు చించుకుని అడగడమెందుకు?

ఆమె లేచి, తండ్రి కూర్చున్న కుర్చీ వెనక్కి వెళ్లి, "నాన్నా, టీ తాగుతావా?" అంది. పలకలేదు. ముందుకొచ్చి మళ్లీ అంది. ఆయన కళ్లు తెరిచి ఆమె పెదాలకేసి చూసి, "టీయా? పెట్టు," అన్నాడు.

మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్లింది.

"రెండూ ఒకటేనని మీకు తెలుసు కదూ?"

"రెండోది మీటగానే."

"నాన్నకి వినబడటం లేదనీ తెలుసు!"

"ఎప్పుడో తెలిసింది. చెవి మిషను మాటెత్తితే నన్ను తిట్టారు. తీగల మాటెత్తితే గడ్డం గీసుకున్నారు. నాకు ఇదా అదా అని అడగడం తప్ప ఇంకేం వచ్చు చెప్పు?"

ఆమెకు మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది. అంతలోనే గుర్తొచ్చింది.

"మరి ఆ ప్లంబర్నెందుకు కాల్చుకు తిన్నారు?"

"అది మాత్రం నిజంగా తెలుసుకుందామనే."

టీ గ్లాసు పట్టుకెళ్లి, తండ్రికి ముఖం కనబడేలా నిలబడింది. "వచ్చే ఆదివారానికి ఇంకో రకం తీగలు తెప్పిస్తున్నా నాన్నా. నువ్వే తేల్చాలి."

"చూద్దాంలే, తీరికుంటే," అన్నాడాయన కాలరు సర్దుకుంటూ.

గిటార్ల జోలికి పోకుండా, ఆమె తన కుట్టు మిషన్నే పడగ్గదిలోకి తోసింది. "దీన్ని కిటికీ పక్కన పెడదామా, తలుపు పక్కనా?" అని అడిగింది మొగుణ్ణి.

అడిగాక నాలిక్కరుచుకుంది కానీ, అప్పటికే ఆయన మొహం వెలిగిపోయింది.

"రెండు చోట్లా పెట్టి చూద్దామే!"