గట్టు మీద పై చోటు

కాలువ గట్టున గాలం వేసేవాళ్లకు మర్యాదలుంటాయని నాకు నేర్పింది మా వీధి చివర మగ్గం నేసే ఒక అన్న. పక్కవాడి దారం మీదుగా మన దారం వేయకూడదు. పక్కవాడి ఎర ఏమిటని అడగకూడదు. మన నీడ నీళ్ల మీద పడకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, పెద్దమనిషికి పై చోటు ఇవ్వాలి. పై చోటంటే నీళ్లు వచ్చే వైపు. ఆ పెద్దమనిషిని నేనేనట.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు బడికి బదిలీ అయి వచ్చిన కొత్తలో నన్ను పలకరించే దిక్కు లేదు. స్టాఫ్ రూములో నా కుర్చీ కూడా తలుపు వెనకాలే. ఒక ఆదివారం గుమ్మంలో ఊరికే నిలబడి ఉంటే దారిన పోతున్న ఆ అన్న ఆగి, "గాలం ఏస్తారా సార్" అని అడిగాడు. రాదన్నాను. "నేర్పిస్తా రాండి. ఇంట్లో కూచొని ఏం చేస్తారు" అన్నాడు. ఆ ఒక్క మాటకే పడిపోయాను.

ఊరు దాటాక తుంగభద్ర కాలువ ఒకచోట మలుపు తిరుగుతుంది. మలుపుకు కాస్త పైన ఒక బండ ఉంది. ఆయన దాని మీద తువ్వాలుతో దుమ్ము దులిపి, "సదువు సెప్పే సారు మీరు. పైన మీరే కూచోవల్ల" అనేవాడు. తాను కిందికి పోయి మలుపులో ముళ్లకంప పక్కన మట్టిలో గొంతుక్కూర్చునేవాడు. నాకు సిగ్గేసేది. లోపల మాత్రం పొంగిపోయేవాణ్ణి, దాచడమెందుకు.

చేపలను రప్పించే మేత తేవడం కూడా నా వంతే. "పైన కూచున్నోళ్లే మేత ఎయ్యల్ల సార్, అది పద్ధతి" అన్నాడు. శనివారం సాయంత్రం వేరుశనగ చెక్క నానబెట్టి, తవుడు కలిపి ముద్దలు చేసేవాణ్ణి. ఇల్లంతా అదే వాసన. "ఒక్కనాడన్నా చపాతి పిండి ఇట్ల కలిపినావా" అని మా ఆవిడ ఎత్తిపొడిచేది. ఆదివారం పొద్దున్నుంచి అరగంటకొక ముద్ద నీళ్లలో విడిచేవాణ్ణి.

ఏడాదిన్నర ఇదే తంతు. నాకు పడిన చేపలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయన సంచి మాత్రం ప్రతివారం బరువెక్కేది. "మీ సెయ్యి ఇంకా తిరగల్ల సార్" అంటూ, పోయేటప్పుడు రెండు జెల్లలు నా చేతిలో పెట్టేవాడు. ఎంత మంచివాడో అనుకుంటూ వాటిని ఇంటికి మోసుకుపోయేవాణ్ణి. మా అమ్మాయి మొదట్లో "నువ్వు పట్టినవేనా నాయనా" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

ఈమధ్య ఒక ఆదివారం ఆయనకు జ్వరమొస్తే ఒక్కణ్ణే పోయాను. మలుపు ఖాళీగానే ఉంది. అయినా మనిషి లేనప్పుడు ఆయన చోటు తీసుకోవడం మర్యాద కాదని పోయి నా బండ మీదే కూర్చున్నాను, అంత వెర్రిబాగులవాణ్ణి. గట్టు మీద గొర్రెలు మేపే ముసలాయన చాలాసేపు నన్నే చూసి నవ్వాడు.

"ఆడ కూచుంటే ఏం పడతాది సార్? నువ్వేసిన మేతంతా నీళ్లతో మలుపులోకి పోతాది. నీళ్లు నిలిసేది ఆడ. సేపలు గూడా ఆడికే పోతాయి."

"పై చోటు పెద్దమనిషికని అన్న చెప్పినాడు" అన్నాను.

"అట్ల సెప్పినాడా? మాతో ఇంకోతీరు అంటాంటాడు. సారు మేత ఏస్తాడు, నేను సేపలు పడతా అని."

ఒళ్లు మండిపోయింది. అంటే నాకు తప్ప గట్టు మీద అందరికీ తెలుసన్నమాట. లేచి మలుపులోకి పోయి కూర్చున్నాను. టీ తాగినంత సేపట్లో మోచేయంత బొచ్చె పడింది. నా చేతికి చిక్కిన మొదటి పెద్ద చేప. దాన్ని చూస్తే సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది. ఇంటికి తీసుకుపోయి అమ్మాయికి చూపించబుద్ధి కాలేదు. ముసలాయనకే ఇచ్చేశాను.

మరుసటి ఆదివారం అన్న వచ్చాడు. ఎప్పటిలాగే బండ మీద దుమ్ము దులిపి, "కూచోండి సార్" అన్నాడు. కూర్చున్నాను. మేత వేయలేదు. ఆయన గాలం ఎత్తి చూసుకుంటున్నాడు, మళ్లీ వేస్తున్నాడు. ఎండ ముదిరినా ఒక్కటీ పడలేదు.

"మేత తేలేదా సార్?"

"తెచ్చినానన్నా. సంచిలోనే ఉంది."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది.

"మేత కోసమేనా అన్నా, నన్ను పిల్చుకొచ్చేది?" అని అడిగాను.

చేపలు పోతే పోయాయి. ఆ బండ మీద దుమ్ము దులిపింది మాత్రం నిజంగా నా మీద గౌరవంతోనే అని ఆయన అంటే చాలు. అబద్ధమైనా నమ్మేవాణ్ణి. ఏడాదిన్నర పాటు తడుముకోకుండా అబద్ధమాడిన మనిషి ఆ ఒక్క అబద్ధం మాత్రం ఆడలేదు. దారం చుట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, గట్టెక్కి పోయాడు.