తేదీ చివర నాలుగంకెలు

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి పెర్ల్ పిన్ని అనేవాళ్లు. పెర్ల్ అనే పాత కంప్యూటర్ భాష అక్కడ ఆవిడొక్కతికే వచ్చు. "ఇంకా ఆ ముసలి భాషేనా పిన్నీ?" అని కొత్తవాళ్లు ఆటపట్టిస్తే, "ముసలిదే, కానీ మీలా సెలవులు పెట్టదు" అనేది.

అది వినికిడి లేని పిల్లలకు ఉచితంగా చెవి ఆపరేషన్ చేయించే సంస్థ. ఏటా చెప్పిన రోజు సాయంత్రం ఐదింటిలోగా దరఖాస్తు ఈమెయిల్లో పంపాలి. బిడ్డకి ఐదేళ్లు నిండితే తీసుకోరు. మెయిళ్ల మీది తేదీ, టైము చూసి, ఆలస్యమైనవాటికి "క్షమించండి" అని జవాబు పంపే ప్రోగ్రాము తొమ్మిదేళ్ల కిందట పిన్నే రాసింది.

ఒకరోజు పొద్దున పక్క దేశం నుంచి ఒక తల్లి ఉత్తరం వచ్చింది. "మావాడికి ఐదేళ్లు నిండిపోయాయి. ఇప్పుడు అడిగేదేమీ లేదు. పోయినేడు మీ టైము ప్రకారం నాలుగూ నలభైకే పంపానని నా నమ్మకం. నేను నిజంగా ఆలస్యం చేశానో లేదో చెప్పండి చాలు. ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు."

పిన్ని కాఫీ పక్కన పెట్టేసింది. సర్వర్ గడియారం తప్పిందేమో అనుకుని చూసింది. సరిగ్గానే ఉంది. మెయిల్ దారిలో ఆగిందేమో అనుకుంది. అదీ కాదు, పంపిన నిమిషంలోనే చేరింది. ఇక ఆ మెయిలొక్కటే ప్రోగ్రాముకిచ్చి, తేదీని ఎలా చదువుతోందో తెరమీద రాయించింది. ఆరూ నలభై అని వచ్చింది.

మెయిల్లోనూ ఆరూ నలభై అనే ఉంది. కానీ దాని తర్వాత ఒక కూడిక గుర్తు, నాలుగంకెలు. ఆ గడియారం ఏ ప్రాంతానిదో చెప్పేవి అవే. ఆ ప్రాంతం ఇక్కడికంటే రెండు గంటలు ముందు, అంటే అప్పుడు ఇక్కడ నాలుగూ నలభై. ప్రోగ్రాములో పిన్ని రాసిన వరుస సెకన్ల దాకా చదివి అక్కడితో ఆగిపోయి, ఆరూ నలభైని ఇక్కడి టైమే అనుకుంది. ఆ రోజుల్లో దరఖాస్తులన్నీ ఈ దేశంలోవే, ఆ అంకెలతో పనిపడలేదు. మూడేళ్ల కిందట పక్క దేశాలవాళ్లకీ అవకాశమిచ్చినప్పుడు ప్రోగ్రాముని ఒకసారి చూడాలని ఎవరికీ తట్టలేదు. పిన్నికీ తట్టలేదు.

సరిచెయ్యడానికి అరగంట పట్టింది. మూడేళ్ల మెయిళ్లనీ మళ్లీ చదివిస్తే, అన్యాయంగా తిప్పిపంపినవి పంతొమ్మిది తేలాయి. ఆ పిల్లల్లో ఎనిమిదిమందికే ఇంకా ఐదేళ్లు నిండలేదు.

ఆ పంతొమ్మిదిమంది పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న కాగితం పట్టుకుని డైరెక్టరమ్మ గదిలోకి వెళ్లింది. ఆవిడ చదివి, తల పట్టుకుంది.

"ఈ ఎనిమిదిమందినీ రేపే పిలుద్దాం. మిగతావాళ్లకి కంప్యూటర్ పొరపాటని రాసెయ్."

"కంప్యూటర్‌ది కాదమ్మా, నాది. నేనే ఫోన్ చేసి చెబుతాను."

"తిడతారే!"

"తిట్టనివ్వండి."

మొదటి ఫోను ఆ తల్లికే చేసింది. సంగతంతా చెప్పింది.

"అంటే నేను ఆలస్యం చెయ్యలేదన్నమాట."

"లేదమ్మా. ఇరవై నిమిషాల ముందే పంపారు. ఆపరేషన్ అందకపోవడానికి కారణం నేను."

తిడుతుందనుకుంది. ఆవిడ తిట్టలేదు.

"ఈ మాట మా అత్తగారికి ఒక్కసారి చెబుతారా?"

ఫోను చేతులు మారింది. పిన్ని మొదట్నుంచీ మళ్లీ చెప్పింది. ముసలావిడ మధ్యలో ఒక్క మాటా అడ్డు రాకుండా విని, "ఏడాదిగా దాన్ని నానా మాటలూ అన్నాను తల్లీ" అంది. ఆ వెనక ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఎక్కడో ఒక పిల్లాడు బొమ్మ బండిని నేలకేసి కొడుతున్నాడు, ఆ చప్పుడు వాడికి తెలీదు.

పిన్ని ఫోను పెట్టేసింది. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, కాగితంలో రెండో నంబరు నొక్కింది.