రుఖయ్యా వేసుకున్న ఓటు

గోదావరిఖనిలో రుఖయ్యాకు ఓటు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఓటును వేస్తున్నది మాత్రం ఆమె అన్న తౌఫీఖ్. ఆరేళ్లప్పుడు తట్టు పోసి చూపు పోయిన చెల్లెల్ని చెయ్యి పట్టుకుని బూత్‌కు తీసుకెళ్లేవాడు. ఆమె చెప్పిన గుర్తుకే నొక్కానని చెప్పేవాడు. ఆమె నమ్మింది.

ఒకరోజు అతను తన మెకానిక్ షెడ్డులో దోస్తులతో గొప్పలు పోతుంటే గోడ ఇవతల ఉన్న రుఖయ్యా వింది.

"మా చెల్లె ఓటు గూడ నాదే. నాకు నచ్చినోనికే గుద్దుత. కండ్లు లేనిదానికి ఏం ఎరుక?"

ఆమె అతన్ని నిలదీయలేదు. అటువంటివాడితో మాటలు కూడా దండగ అనుకుంది. చిన్నప్పుడు హైదరాబాదులో అంధుల బడిలో నేర్చిన బ్రెయిలీ ఉంది, చదివి వినిపించే ఫోనుంది. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందాన్ని వారం రోజులు వింది. రహస్యంగా, ఎవరి బెదిరింపూ లేకుండా ఓటు వేసే హక్కు అందులో ఉంది. మన దేశం దాన్ని ఒప్పుకుని పదిహేనేళ్లు దాటింది. ఒప్పుకోవడానికి ఖర్చేముంది?

తర్వాతి ఎన్నికల్లో బూత్ అధికారి ఆమెను వదిలేసి తౌఫీఖ్‌తో మాట్లాడాడు. "మీరే వేసెయ్యండి. జల్ది అయితది."

"ఓటు నాది సార్," అంది రుఖయ్యా. "బ్రెయిలీల పేర్లున్న కాగితం ఇయ్యండి."

"అసొంటివి మాకు రాలే."

"రాలేదని రాసి సంతకం పెట్టియ్యండి. ఐక్యరాజ్యసమితి ఒప్పందంల ఇరవై తొమ్మిదో అధికరణం ఉన్నది. కలెక్టర్‌కు గదే చూపిస్త."

వెనక లైనులో పెద్దమనుషులు విసుక్కున్నారు. వాళ్లలో ఒక్కడూ ఆ కాగితం ఇవ్వమనలేదు. తౌఫీఖ్ ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఇజ్జత్ తీస్తున్నవ్. నడువ్," అన్నాడు.

"బయట నిలబడు భాయ్," అని చెయ్యి విడిపించుకుంది.

సంతకం అనగానే అధికారి బల్లంతా వెతికాడు. బ్రెయిలీ కాగితం ఉన్న, సీలు తియ్యని కవరు అతని టిఫిన్ డబ్బా కిందే దొరికింది.

రుఖయ్యా వేళ్లతో పేర్లు చదివి, తనకు కావలసిన అంకె గుర్తుపెట్టుకుంది. ఓటు మిషనుకు అడ్డం పెట్టిన అట్ట వెనక్కి వెళ్లింది. మీటల పక్కనున్న బ్రెయిలీ అంకెలను రెండుసార్లు తడిమి, నొక్కింది. మిషను కూసింది. నలభై ఒకటో ఏట అది ఆమె మొదటి ఓటు.

సాయంత్రం అదే అధికారి విలేకరితో, "అంధులకు మేము దగ్గరుండి సహకరించినం," అన్నాడు.

తౌఫీఖ్ వారం రోజులు ఎవరికి వేశావని అడిగాడు. ఆమె చెప్పలేదు. ఆ సంగతి విని మందమర్రి నుంచి చూపులేని శోభ ఫోన్ చేస్తే, రుఖయ్యా ఆమెకు బ్రెయిలీ అంకెలు నేర్పే పనిలో ఉంది.