చెరువుగట్టు మీద గరుడసేవ

కుంభాభిషేకం నాడు గరుడపక్షి కనిపించాలి. కలశాల్లోని నీళ్ళు గోపురం మీద పోసే వేళకు అది వచ్చి గుడి పైన తిరిగితేనే పెరుమాళ్ళు ఆ పూజను అందుకున్నట్టు. హోసూరులో మా భజనగోష్ఠివాళ్ళు దీన్ని నమ్మకమని కూడా అనరు, నియమమంటారు. పురోహితుడు ఆలస్యమైతే సర్దుకుంటారు. మైకు చెడిపోతే గొంతులతోనే సర్దుకుంటారు. గరుడుడు రాకపోతే మాత్రం సర్దుకోవడానికేమీ ఉండదు.

ఆ సంగతి మా భజనగోష్ఠి పెద్దాయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మేమంతా ఆయన్ని పెద్దస్వామి అని పిలిచేవాళ్ళం. వెనక మా వీధి గుడికి కుంభాభిషేకం జరిగినప్పుడు ఆయనకు పాతికేళ్ళు. గోపురం పైకి కలశం మోసింది ఆయనే. ఆ రోజు మబ్బు పట్టింది. పక్షి రాలేదు. ఆ తరువాత రాగిచేలు ఎండినా, రాయకోట దారిలో బస్సు బోల్తా పడినా, ఎవరింట్లో పెళ్ళి తప్పిపోయినా, "ఆ పొద్దు గరుడుడు రాలేదు గదా" అనడం ఊరికి అలవాటైపోయింది. మబ్బును అందరూ మరిచిపోయారు. కలశం మోసినవాణ్ణి ఎవరూ మరిచిపోలేదు. డెబ్బై దాటిన పెద్దస్వామికి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే, ఆ గుడికే మళ్ళీ జరగబోయే కుంభాభిషేకానికి ఈసారైనా గరుడుడు రావాలి.

ఇది ఎనభైల మొదట్లో మాట. నేనప్పుడు మూకండపల్లిలో ఒక కంపెనీలో రెండో షిఫ్టు చేస్తున్నాను. పొద్దున్నే ఇంట్లో తిరువారాధన పూజ ముగించుకుని, బెంగుళూరు పాత సామాన్ల సంతలో కొన్న దుర్భిణి మెడకు తగిలించుకుని చెరువుగట్టుకు పోయేవాణ్ణి. దానిలో ఒక గొట్టం మసకబారింది కాబట్టి ఒంటికంటితోనే చూడాలి. సృష్టిని చూడటం కూడా సేవేనని గోష్ఠిలో వాదించి అనుమతి సంపాదించాను. అంతకన్నా సేవాభావం నాలో ఎంతుండేదో ఇప్పుడు చెప్పలేను. మాఘమాసంలో, మంచు ఇంకా నీళ్ళ మీద నుంచి లేవకముందే, ఎక్కడినుంచో వచ్చిన బాతులు వందల సంఖ్యలో కునుకు తీస్తూ తేలుతుంటే చూడటం నాకు చాలా ఇష్టం. నామకోళ్ళనే నీటిపక్షులంటే మరీ ఇష్టం. నల్లటి ఒళ్ళు, నుదుట తెల్లటి నామం. మాలాగే గుంపుగా తిరుగుతాయి, మాలాగే కాస్త సేపటికొకసారి కారణం లేకుండా పోట్లాడుకుంటాయి.

పెద్దస్వామి ఒక శనివారం భజన అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమప్పా, దినమ్మూ చెరువుకాడికి పోతావంటనే. ఆడ గరుడుడు వస్తాడా?"

"వస్తాడు స్వామీ. ఎర్ర రెక్కలు, తెల్ల రొమ్ము. రోజూ చూస్తా ఉండాను."

"ఊరగద్ద కాదు గదా?"

"కాదు స్వామీ. ఊరగద్ద వేరే. అది మట్టిరంగు, తోక చీలుంటుంది."

"ఏ వేళకు వస్తాడో రాసి పెట్టు. ఇది పని కాదు, కైంకర్యం అనుకో."

ఆ రోజు నుంచి నేను గోష్ఠి తరఫున గరుడుడికి హాజరు వేసే మనిషినయ్యాను. నోటుపుస్తకంలో రోజూ రాసేవాణ్ణి: ఏడున్నరకు దర్శనం, చెరువు చుట్టూ మూడు ప్రదక్షిణలు. అవి ప్రదక్షిణలని పక్షి నాతో చెప్పలేదు. ఒకటి రెండు సార్లు ఎడమ పక్కకు తిరిగింది కూడా. ఆ రోజుల్లో తిరిగిందని మాత్రమే రాసి, ఎటువైపో వదిలేశాను.

నేను వదిలేసింది ఇంకొకటుంది. గట్టు కింద, తూము పక్కనున్న బండ మీద ఒకామె రోజూ చేపలు శుభ్రం చేసేది. ఆమె మొగుడు తెల్లవారుజామున వల లాగి, చేపలు ఆమె ముందర పోసి, టీ తాగడానికి పోయేవాడు. ఆమె పొలుసు గీకి, పేగులు తీసి నీళ్ళ వైపు విసిరేది. నన్ను చూస్తే ఆమెకు సంబరం.

"ఏంది సామీ, దినమ్మూ ఆ గొట్టంలో కన్ను పెట్టుకోని కూసుంటావు. అవతలి గట్టున మా ఆడోళ్ళు గుడ్డలు ఉతుకుతారు, తెలుసునా?"

"నేను పక్షుల్ని చూస్తా ఉండానమ్మా."

"అట్లనే అంటారు అందరూ. అదో, వచ్చినాడు చూడు మా అల్లుడు."

ఆమె అల్లుడన్నది గరుడపక్షిని. "పనీ లేదు, పాటా లేదు. నేను కత్తి పట్టుకుంటే చాలు, సరిగ్గా వాలతాడు. రొంత ఆలస్యమైతే అలుగుతాడు" అంటూ గుప్పెడు పేగులు పైకి విసిరేది. అది వాటిని గాలిలోనే కాళ్ళతో అందుకుని, ఎగురుతూనే వంగి తినేది. ఆ ఒడుపు చూస్తే నాకు ఒళ్ళు పులకరించేది. నోటుపుస్తకంలో మాత్రం "ప్రసాదం స్వీకరించి" అని రాశాను. ఏ ప్రసాదమని పెద్దస్వామి అడగలేదు. నేను చెప్పలేదు.

పంచాంగంలో కుంభాభిషేకానికి రెండు ముహూర్తాలు దొరికాయి. ఒకటి పది గంటలకు, ఒకటి ఏడున్నరకు. నా నోటుపుస్తకాన్ని సభలో చదివించి పెద్దస్వామి ఏడున్నర ఖాయం చేశాడు. నా పేరు మైకులో చెప్పారు. ఆ గర్వంలోనే నేను లేచి ఒక సూచన చేశాను. కుంభాభిషేకంతో కలిపి మూడు రోజులు ఊరంతా శుద్ధంగా ఉండాలనీ, మాంసం కోయకూడదనీ, చెరువులో వల వేయకూడదనీ అన్నాను. శాస్త్రం నుంచి రెండు ఉదాహరణలు కూడా ఇచ్చాను. అందరూ "గోవిందా" అన్నారు. మర్నాడు తప్పెటవాడు వీధివీధికీ దండోరా వేశాడు. చెప్పింది నేనే. అంతవరకూ రోజూ గట్టు మీద కూర్చుని, ఆ పక్షి ఎందుకు వస్తుందో ఒంటికంటితోనైనా చూసింది కూడా నేనే.

నిషేధం మొదలైన రోజు ఏడున్నరకు బాతులున్నాయి, కొంగలున్నాయి, నామకోళ్ళు ఎప్పటిలాగే తన్నుకుంటున్నాయి. గరుడుడు లేడు. మబ్బు కూడా లేదు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. ఆ సాయంత్రం పెద్దస్వామి అడిగితే, యాగశాల పనుల్లో ఉండి సరిగా చూడలేదని అబద్ధమాడాను. రెండో రోజు కూడా రాలేదు. చేపలామె బండ మీద ఊరికే కూర్చుని ఆకూవక్కా నములుతోంది.

"అమ్మా, పక్షి యాడ?"

"నన్నడిగితే? వల వెయ్యొద్దని తప్పెట కొట్టించింది మీరు. వాడేం చేస్తాడు, మీ పులిహోర తింటాడా? కృష్ణగిరి డ్యాముకు పోయింటాడు. ఆడ ఎవరూ దండోరా వెయ్యలేదు."

మర్నాడే కుంభాభిషేకం. పెద్దస్వామి అప్పటికే ఉపవాసంలో ఉన్నాడు. యాగశాల వాకిట్లో కూర్చుని మాటిమాటికీ ఆకాశం చూస్తున్నాడు. పక్షి రాకపోతే ఊరు ఈసారి కూడా ఆయన్నే అంటుంది. అనకపోయినా ఆయన తనను తానే అనుకుంటాడు.

"రేపు ఒక్క దినం రాండమ్మా. ఏడున్నరకు."

"బాగుంది సామీ! పట్టొద్దన్న నోటితోనే పట్టమంటావా? ఎవురన్నా చూస్తే నన్ను పంచాయితీలో నిలబెడతారు."

"నేను చెప్తాను వాళ్ళకి."

"ఏం చెప్తావు?"

ఆమె నా ముఖం చూసి నవ్వింది.

"ఇంట్లో తొట్టిలో కొర్రమీన్లు రెండు ప్రాణంతో ఉండాయి. తెల్లారి కోసి పేగులు ఆకులో కట్టిస్తాను. విసిరేది మాత్రం నేను కాదు. నీ చేత్తో నువ్వే విసురుకో. వాడు నీకు దేవుడు గదా, నాకు అల్లుడే."

కుంభాభిషేకం నాడు తెల్లవారుజామున స్నానం చేసి, పన్నెండు నామాలు దిద్దుకుని, కొత్త పంచె కట్టుకుని, ఆమె కట్టిచ్చిన టేకు ఆకుల పొట్లం పట్టుకుని గట్టెక్కాను. అంతవరకూ చేపను ముట్టింది లేదు. గుడి గట్టుకు వెనకే. నాదస్వరం వినిపిస్తోంది. పొట్లం విప్పాను. విప్పగానే కాకులు వచ్చాయి. వాటి వెనకే ఊరగద్దలు నాలుగు వచ్చాయి. నేను విసిరిందల్లా అవే తన్నుకుపోతున్నాయి. పొట్లం అడుగున చివరి గుప్పెడు మిగిలింది. దాన్ని విసరడానికి చెయ్యి రాలేదు. గుడిలో మంత్రాల స్వరం పెరిగింది. కలశాలు పైకి ఎక్కుతున్నాయని తెలుస్తోంది. జీవితంలో ఒక్కసారి కళ్ళారా చూడవలసిన ఘట్టానికి వీపు పెట్టి, చేతిలో చేపపేగులతో, నేను నాకు వచ్చిన స్తోత్రాలన్నీ చదువుతున్నాను.

అప్పుడు అవతలి గట్టు నీలగిరి చెట్ల పైనుంచి ఇటుకరంగు రెక్కలు కనిపించాయి. బలమంతా పెట్టి విసిరాను. గరుడుడు అందుకున్నాడు. ఊరగద్దలు తరిమాయి. వాటిని తప్పించుకోవడానికి పైకి, ఇంకా పైకి, తిరుగుతూ తిరుగుతూ గుడి మీదికి పోయాడు. నా వెనకనుంచి ఒక్కసారిగా ఊరు మొత్తం "గోవిందా" అన్నది. నేనూ అన్నాను. నా గొంతు అందరికన్నా పెద్దగా లేచిందని, కింద బండ దగ్గరున్న చేపలామె తరువాత చెప్పింది.

చేతులు మట్టితో, చింతాకుతో, మళ్ళీ మట్టితో కడిగాను. కొర్రమీను వాసన అంత సులువుగా పోదు. గుడికి చేరేసరికి పెద్దస్వామి మైకు పట్టుకుని ఏడుస్తూ మాట్లాడుతున్నాడు.

"మూడు దినాలు ఊరంతా నీసు ముట్టలేదు. ఆ శుద్ధికే స్వామి దిగివచ్చినాడు. ఆ మాట ముందర చెప్పిన బిడ్డ యాడ? యాడ పోయినాడు?"

నన్ను ముందుకు తోశారు. ఆయన తీర్థం పాత్ర ఎత్తి చెయ్యి చాపమన్నాడు. నేను చేతులు వెనక్కు పెట్టుకున్నాను. వినయమనుకుని జనం మెచ్చుకున్నారు. పెద్దస్వామి మాత్రం నా వైపు ఒక రకంగా చూసి, పాత్ర దించాడు.

సాయంత్రం యాగశాల ఖాళీ అయ్యాక ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. రెండు రోజుల అబద్ధం, టేకాకు పొట్లం, ఊరగద్దలు. ఆయన్ని బతికించిన ఒక్క ఉదయాన్ని నేనే లాగేసుకుంటున్నానని తెలుసు. చెప్పకుండా తీర్థం పుచ్చుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

"అయితే రెండు దినాలు గరుడుడికి తిండి లేకుండా చేసినాము" అన్నాడు పెద్దస్వామి.

"అపచారం నాది స్వామీ."

"నీది సగమే. ఆయన ఏం తింటాడని నేనొక దినమన్నా అడిగినానా? ఇంటికి పిలుస్తా ఉండాము, ఆకలి అడగలేదు." తరువాత, "పొద్దున్నే నన్ను గట్టుకు తీసుకోని పో" అన్నాడు.

నిషేధం ముగిసిన ఆ మొదటి ఉదయం ఆయన్ని చెయ్యి పట్టుకుని గట్టెక్కించాను. చేపలామె బండ మీద పనిలో ఉంది. మమ్మల్ని చూసి కత్తి ఆపింది.

"ఏంది, పెద్దసామిని గూడా తెచ్చినావు? ఆయప్పకు గూడా గొట్టమా?"

"పని చూసుకోమ్మా, నువ్వు చూసుకో" అన్నాడు పెద్దస్వామి. ఆ వాసనకు ఆయన ఉత్తరీయం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. రెండో చేతికి దుర్భిణి ఇచ్చి, ఏ గొట్టంలో చూడాలో చెప్పాను. ఆమె గుప్పెడు తీసి పైకి విసిరింది. గరుడుడు వాలి అందుకున్నాడు. ఎండలో తెల్లటి రొమ్ము మెరిసింది. కాళ్ళ మధ్యనుంచి ఒక ఎర్రటి పేగు వేలాడుతోంది.

పెద్దస్వామి కన్ను తీయలేదు. ఒకసారి నా వైపు తిరిగి, "దండం పెట్టాలప్పా, చేతులు రెండూ పనిలో ఉండాయి" అన్నాడు. దుర్భిణి తీసుకుందామని చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. కొంగు వదిలేశాడు. ఆ నీసు గాలిని గుండెనిండా పీల్చుకుంటూ, ఆ ఒక్క చేతినే నుదుటికి ఎత్తాడు.