జల్లెడమూతి తోక

ఆళ్లగడ్డలో గురుస్వామి రాయి మీద ఉలి పెట్టాడంటే ఆంజనేయుడైనా అమ్మవారైనా లేచి రావాల్సిందే. ఇది ఊరివాళ్ల మాట కాదు, ఆయన మాటే. అయినా అందులో అబద్ధం పెద్దగా లేదు. చేయి ఎంత మెత్తనో నోరు అంత దురుసు. ఆయనకు ఒక్కటే పట్టింపు: విరిగిన బొమ్మ షెడ్డు గడప దాటకూడదు. ముక్కు కొసన గోరంత పెచ్చు లేచినా దాన్ని పెరట్లో పడేసి కొత్త రాయి ఎత్తుకునేవాడు. వాళ్ల నాయన నేర్పిన నీతి అది. దాన్ని పట్టుకునే ఇన్నాళ్లూ తలెత్తుకు తిరిగాడు.

అలాంటి మనిషి దగ్గరికి నంద్యాల నుంచి దీవెన టీచరమ్మ ఒక బొమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. బడి ఆవరణలో పిల్లలు చూడ్డానికి రాతి తిమింగలం కావాలట. ఇప్పటిది కాదు. ఎన్నో లక్షల ఏళ్ల కిందటే వంశం అంతరించి, రాళ్లలో ఎముకలుగా మిగిలిపోయినది.

గురుస్వామి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏందమ్మా, ఇంత చాపకు నోట్లో ఒక్క పన్నూ లేదే! ముసిల్దా?"

"చాప గాదన్నా, తిమింగలం. పళ్లకు బదులు జల్లెడ మాదిరి ఉంటాది. నోటినిండా నీళ్లు పట్టి, వడగట్టి, రొయ్యపిల్లల్లాంటివి తింటాది."

"అంత ఒళ్లేసుకోని రొయ్యపిల్లలా!" పొయ్యి దగ్గరున్న ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ పకపకా నవ్వింది. ఆ పూటే దానికి జల్లెడమూతి అని పేరు పెట్టేసింది.

తోక దగ్గర పేచీ వచ్చింది. చేపకున్నట్టు నిలువుగా పెడతానని గురుస్వామి, పలకలా అడ్డంగా పరుచుకుని ఉండాలని టీచరమ్మ. చివరికి ఆమె మాటే నెగ్గింది. పని మొదలయ్యాక మాత్రం ఆయనకు ఆ జీవి మీద ఎక్కడలేని మోజు పుట్టింది. అన్నం చల్లారిపోతున్నా లేచేవాడు కాదు.

"ఇంక చాల్లేయ్యా, తోక శానా పల్చనైంది" అంది ఉమామహేశ్వరమ్మ, కంచం పట్టుకొచ్చి.

"నువ్వు పోయి పప్పు చూసుకోపో. ఇంకొక్క దెబ్బ."

ఆ ఒక్క దెబ్బకే తోక ఠప్పున విరిగి కింద పడింది.

తెల్లారితే బడిలో పండగ. ఇంకొకటి చెక్కే వ్యవధి లేదు. టీచరమ్మ వ్యాను మాట్లాడుకుని వచ్చేసరికి గురుస్వామి మొహం మాడ్చుకుని షెడ్డు గడప మీద అడ్డంగా కూర్చున్నాడు.

"బొమ్మ లేదమ్మా. ఇరిగింది గడప దాటదు, నా పేరు పోతాది. నన్ను నాలుగు తిట్టి పో."

దీవెన ఆయన భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. చూసి, నవ్వేసింది.

"అన్నా, దీని తలకాయ, కొన్ని ఎన్నుపూసలు, అంతే దొరికిండేది. తోక యాడా దొరకలా. కాగితంలో ఉండే తోక, ఇట్లా ఉండొచ్చని గీసింది."

"అంటే అసలుదే ఇరిగి దొరికిందా మనకు?"

"ఆ ఇరిగిన ముక్కల్ని ఎవరన్నా పారేసుంటే, ఇట్లాంటిదొకటి బతికిందనే తెలీదన్నా మనకు."

గురుస్వామి పెరటివైపు చూశాడు. చెవి పోయిన నంది, వేలు విరిగిన లక్ష్మి, అన్నీ గడ్డిలో పడి ఉన్నాయి. ఇన్నేళ్లకు మొదటిసారి వాటి మీద జాలేసింది. కళ్లు తుడుచుకుని, గడప మీద నుంచి లేచి పక్కకు జరిగాడు.

"ఏందప్పా చూస్తాండారు? ఎత్తండి!" అని వ్యానువాళ్ల మీద విరుచుకుపడ్డాడు.

మర్నాడు నంద్యాల బడిలో పిల్లలు జల్లెడమూతి వీపెక్కి కూర్చున్నారు. ఒక పాప వెనకంతా తిరిగి చూసి వచ్చింది.

"తాతా, దీని తోక యాడ?"

"యాడుందో ఇంకా ఎవురికీ దొరకలా తల్లీ. మీరు బాగా సదువుకోని ఎతకండి."

పక్కనే నిలబడ్డ ఉమామహేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దున ఆమె గుడ్డలు ఉతికి వచ్చింది ఆ తోక మీదే.