మందకు పోయిన పేడ

పళ్ళిపట్టు పక్క పల్లెలో మునెయ్య పెళ్ళాం చెంగమ్మకు నలభై నిండకముందే కళ్ళు మసకబారాయి. తిరుత్తణి డాక్టరు చూసి, మందుకన్నా ముందు పొగ మానుకోమన్నాడు. పొగ మానుకోవడమంటే వంట మానుకోవడమే. తెల్లవారేలోగా ఇంటిల్లిపాదికీ సంగటి, పులుసు, ఎద్దులకు కుడితి, అన్నీ ఆ పచ్చి కట్టెల మీదే.

ఎనభై రెండులోనో మూడులోనో సర్కారుకు ఒక బుద్ధి పుట్టింది. కట్టెలూ కిరసనాయిలూ ఎల్లకాలం ఉండవు, గాలినీ ఎండనూ పేడనూ అన్నిటినీ వాడుకోవాలి, ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు అని. మాట మంచిదే. పంచాయతీ యూనియన్ ఆఫీసు నుంచి వేలాయుధం అనే ఉద్యోగి సైకిలు మీద వచ్చి, గొడ్లున్న ఇళ్ళకు గోబర్ గ్యాసు అన్నాడు. మునెయ్య కొట్టం నిండా గొడ్లే. పెరట్లో గుంత తవ్వి, ఇటుకలతో తొట్టి కట్టి, గొట్టం వంటింట్లోకి లాగారు. మొదటిసారి నీలం మంట లేచినప్పుడు చెంగమ్మ కుండ పెట్టడం మరిచిపోయి చూస్తూ నిలబడిపోయింది. కొన్నాళ్ళకు కళ్ళమంట తగ్గి, సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

ఆ సుఖం వేసవి వచ్చేదాకానే.

ఆ ఊళ్ళో కోతలయ్యాక మంద కడతారు. అన్ని ఇళ్ళ గొడ్లనూ ఒకటిగా చేర్చి, రాత్రిపూట వంతుల ప్రకారం ఒక్కొక్కరి చేలో నిలుపుతారు. పేడా పంచితమూ నేలకే దక్కుతాయి. ఎవరి గొడ్లు మందకు రావో వాళ్ళ చేనికి మంద రాదు. వంతులు చెప్పేది మునెయ్య మేనమామ వాసుదేవ. సర్కారు చట్టానికైనా సందు దొరుకుతుంది గాని, ఈ కట్టుబాటుకు దొరకదు. వేలాయుధం వచ్చిన రోజు గొడ్లను లెక్కపెట్టుకున్నాడే తప్ప, ఏడాది పొడుగునా అవి ఎక్కడ పడుకుంటాయని అడగలేదు. మునెయ్యా చెప్పలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి అంత చదివిన సారుకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు.

గొడ్లు మందకు పోయాయి. పగలు మేతకు అటునుంచి అటే. తొట్టిలో వేసేందుకు పేడ లేక మంట సన్నబడి, ఒకరోజు వెలగనేలేదు. చెంగమ్మ మళ్ళీ ఊదుగొట్టం పట్టింది.

కొన్ని గొడ్లనైనా ఇంట్లో కట్టెయ్యమని మొగుణ్ణి అడిగింది. తొట్టిలోంచి బయటికొచ్చే పేడనీళ్ళు చేనికి మంచి ఎరువని సారు చెప్పాడని గుర్తుచేసింది.

"గ్యాసంతా మండిపోయినాక దాంట్లో సారమేముంటాదే? పిండేసిన చెరుకు పిప్పిలో బెల్లం ఎతకమంటావా?" అన్నాడు మునెయ్య. "ఊరి గొడ్లన్నీ మన చేలో పండుకోవాల, మనవి మాత్రం ఇంట్లో పండుకోవాల్నా? వాసుదేవ మామ మొగం ఎట్ల చూసేది నేను?"

ఆమె ఆ నీళ్ళు పెరట్లో వంగచెట్లకు పోసింది. విరగకాశాయి. ఆ మూల మన్ను ముందునుంచీ మంచిదేలే అన్నాడతను, వంకాయ కూర కలుపుకుంటూ.

సారే వచ్చి మగవాళ్ళకు చెబితే వింటారని చెంగమ్మ పళ్ళిపట్టుకు నడిచిపోయింది. వేలాయుధం కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, అంతా విన్నాడు. పేడ పథకం పోయినేడుతోనే సరి, ఇప్పుడు గాలిమరల టార్గెట్ నడుస్తోందన్నాడు. కట్టినవాటిని చూసుకునేందుకు ఎవర్నీ వెయ్యలేదట.

"మా ఊళ్ళో గాలి యాడుంది సార్? కొండ అడ్డం కదా."

"నాకు తెలీదామ్మా? టార్గెట్ మీ ఊరికి కాదు, జిల్లాకి," అన్నాడు వేలాయుధం. "ఎండలో పెట్టే పొయ్యి ఒకటుండాది, పెట్టె మాదిరి. కావాల్నా? పన్నెండు గంటలకంతా అన్నం రెడీ."

"మా ఇంట్లో పొద్దు పొడవకముందే తిని చేనికి పోతారు సార్. సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా వాళ్ళని పస్తుండమని మీరొచ్చి చెప్తారా?"

వేలాయుధం నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. సర్కారు దగ్గర పేడ ఉంది, గాలి ఉంది, ఎండ ఉంది. ఆమె ఊరికి వచ్చి నలుగురి ముందు ఒక మాట చెప్పే మనిషి మాత్రం లేడు.

ఆ సాయంత్రం పాలకూ కుడితికీ ఇంటికొచ్చిన గొడ్లను మళ్ళీ మందకు తోలే వేళకు చెంగమ్మ రెండావుల పలుపులు గుంజకు ముడేసి, వాటికి అడ్డంగా నిలబడింది. వాకిట్లో జనం చూస్తున్నారు. మునెయ్య మిగతావాటిని తోలుకుని పోయాడు. మర్నాడే వాసుదేవ దగ్గర్నుంచి కబురొచ్చింది: ఈ ఏడు మీ చేనికి మంద లేదు.

రెండావుల పేడతో తొట్టిలో మళ్ళీ గ్యాసు పుట్టడానికి చాలా రోజులు పట్టింది. ఒక తెల్లవారుజామున మంట లేచింది, చిటికెన వేలంత. చెంగమ్మ కాఫీ కాచి మొగుడి చేతికిచ్చింది. అతను గుక్కగుక్కగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"చేను పోగొట్టి కాపీ కాస్తివి. సంగటి దేని మీద చేస్తావు?"

ఆమె వంటింట్లోకి పోయి చూసింది. మంట ఆరిపోయి ఉంది. కుండను పాత పొయ్యి మీదికి మార్చి, కట్టెలు ఎగదోసి, కళ్ళు గట్టిగా మూసుకుని ఊదింది.