సారీ అన్నప్పుడల్లా

కరోనా తగ్గిన మరుసటి వానాకాలంలో నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కానుపుల వార్డులో ఆయాగా ఉన్నాను. చదివింది మూడో తరగతి. అక్కడ పైన డాక్టరమ్మ, ఆమె కింద సిస్టర్, ఆ కింద మేము. లోపల చెయ్యి పెట్టి చూసే అధికారం ఆయాకి లేదు. వేడినీళ్లు కాయడం, గుడ్డలు ఉతకడం, నొప్పులు కనిపెట్టి సిస్టర్‌కి చెప్పడం మా పని. కనిపెట్టడమంటే కేకల్ని బట్టే. “అమ్మో” అని మూలిగితే ఇంకా టైముంది. మొగుణ్నీ అత్తనీ కలిపి తిట్టడం మొదలెడితే కానుపు టేబులెక్కించాలి.

ఒకరోజు పొద్దున్న యుమి అని జపాను ఆవిడ వచ్చింది. ఆవిడ భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరు, మన ఊళ్లోనే అద్దెకుంటున్నారు. అతను పనిమీద విశాఖపట్నం వెళ్లిపోతే ఇంటి ఓనరమ్మ ఆటోలో తీసుకొచ్చింది. ఆ నొప్పుల మనిషి గుమ్మంలో చెప్పులు విప్పి, వంగి, జతగా సర్ది మరీ లోపలికొచ్చింది. డాక్టరమ్మ చూసి, తొలి కానుపు కదా, ఇంకా టైముందని చెప్పి ఆపరేషనుకి వెళ్లింది.

నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ మూలగదు. కాసేపటికి తల వంచి “సారీ” అంది. ఎందుకో తెలీక దుప్పటి సర్దాను. కాసేపాగి మళ్లీ “సారీ”. మంచినీళ్లిచ్చాను. రెండు చేతులా అందుకుంది గానీ తాగలేదు. మళ్లీ అదే మాట. నా మొహం అంత కోపంగా ఉందా అనుకున్నాను.

“ఏటమ్మా, ఈవిడ నాకేటి తప్పు సేసిందని ఊరికే సారీ సెప్తన్నాది?” అని ఓనరమ్మనడిగాను.

“ఆల తీరంతే. మాయింటి గేటు సప్పుడైనా సారీయే” అంది.

అంతలో కోటబొమ్మాళి నుంచి పిల్లొకర్తె నొప్పులతో వచ్చింది. వస్తూనే మొగుడి వంశాన్నంతా దులిపేస్తోంది. వార్డుకి టేబులొకటే.

“జపానావిడికి నొప్పులు ఎక్కువయ్యాయా?” అనడిగింది సిస్టర్.

“నేదు సిస్టర్. కుక్కిన పేనులాగ పడుకున్నాది.”

టేబులు కోటబొమ్మాళి పిల్లకిచ్చారు. దానిమీద ఉతికిన గుడ్డ ఒకటి పరిచాను. జపానావిడికని రెండోది తీయడం దండగనుకున్నాను. వేడినీళ్లకని వెళ్తుంటే వెనకనుంచి వినబడింది: సారీ, సారీ, సారీ. ఊపిరి తీసుకోడానికి కూడా సందు లేదు. అప్పుడు నా బుర్రకెక్కింది. పొద్దుట్నుంచీ దూరం దూరంగా వచ్చిన సారీలు దగ్గరపడ్డాయి, అచ్చం నొప్పుల్లాగే. పరుగెత్తుకెళ్లి దుప్పటెత్తితే మంచమంతా తడి, కాలివేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి, బిడ్డ తల కనబడుతోంది.

ఆ రోజు ఆ మంచం దగ్గర కేక పెట్టింది నేనే.

సిస్టర్ పరుగున వచ్చింది. టేబులు దాకా నడిపించే వ్యవధి లేక మంచంమీదే కానుపు చేసింది. ఆడపిల్ల. మన పిల్లల్లాగే గుక్కపట్టి ఏడిచింది. తల్లి తడిసిన దుప్పటికేసి చూసి మళ్లీ “సారీ” అంది. నేను హడలిపోయి చూస్తే, మాయ పడుతోంది.

“ఇంక సాల్లేవే తల్లీ” అన్నాను.

కోటబొమ్మాళి పిల్ల సాయంత్రం దాకా అరిచి కొడుకుని కంది.

ఆ తరవాత నేను పని మానేసేదాకా కేకలు వింటూనే ఉన్నాను గానీ, ముందు పొట్టమీద చెయ్యేసి, కాలివేళ్లు చూసేదాన్ని. కొత్తగా చేరిన ఆయాలకి చెప్పింది కూడా అదే: నోరు నమ్మకండి, కాలివేళ్లు చూడండి.